ఎమ్మారై నార్మల్ వచ్చింది కదా, ఇంక డిప్రెషన్ ఎక్కడిది?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నాలుగు నెలల నుంచి సరిగ్గా నిద్రపోడు, తినడు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు మ్యాచ్ వస్తున్నా టీవీ వైపు చూడడు. సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాడు. సైకియాట్రిస్ట్ చూసి డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ రాశారు. మా నాన్న నమ్మక బ్రెయిన్‌కి ఎమ్మారై తీయించారు, రిపోర్టు నార్మల్. "బుర్రలో ఏ రోగమూ లేదని మెషీనే చెప్పింది, వీడిది ఒళ్లు బద్ధకం" అంటున్నారు. తమ్ముడు కూడా పన్నెండు రోజులు వేసుకుని మందు మానేశాడు. ఈ మధ్య రెండుసార్లు "నేనుండి ఎవరికి లాభం" అన్నాడు. అమెరికాలో ఒక సైకాలజీ ప్రొఫెసర్ డిప్రెషన్‌ని స్కాన్‌లో చూపిస్తున్నారని చదివాను. ఆ స్కాన్ ఇక్కడ చేయించొచ్చా? అది చూస్తే నాన్న నమ్ముతారేమో. – ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: స్కాన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం అమ్మా. "నేనుండి ఎవరికి లాభం" అన్నాడని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయారు చూశారా, మీ ఉత్తరం మొత్తంలో నా కన్ను అక్కడే ఆగింది. ఈ రోజే తమ్ముడి పక్కన కూర్చుని సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా, ఎలా అని ఏమైనా అనుకున్నావా అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ఇళ్లల్లో అందరూ భయపడతారు, అలాంటిదేమీ జరగదు, ఎవరో ఒకరు అడిగారని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునన్నాడంటే రేపటిదాకా ఆగొద్దు, దగ్గర్లో ఏ పెద్దాసుపత్రి ఉంటే అక్కడికి తీసుకెళ్లండి, ఒక్కణ్నీ వదలకండి. మీది వ్యవసాయం చేసే ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి, కొట్టంలోంచి తీయించేసి తాళం ఉన్న చోట పెట్టించండి. మాత్రల షీట్లు మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటది ఆ పూట ఇవ్వండి. అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయొచ్చు, అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక స్కాన్. ఫిల్ముల కవరు చంకలో పెట్టుకొచ్చి, ఒక్కో ఫిల్మూ కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, "ఎక్కడుందో చూపించండి సార్, నేనూ చూస్తాను" అనే తండ్రులు నాకు కొత్త కాదు. వాళ్ల మీద నాకు కోపం రాదు కూడా. కాలు విరిగితే ఎక్స్‌రేలో కనబడుతుంది, కిడ్నీలో రాయి స్కాన్‌లో కనబడుతుంది, మరి మనసు బాగోలేదంటే అదెందుకు కనబడదని అడగడంలో తప్పేముంది?

మీ నాన్నగారు తీయించిన మామూలు ఎమ్మారైలో మెదడు ఆకారం తెలుస్తుంది. గడ్డ ఉందా, రక్తం గడ్డకట్టిందా, పక్షవాతం తాలూకు మచ్చ ఉందా, ఎక్కడైనా కుంచించుకుపోయిందా, ఇవన్నీ. ఇంటికి ఫొటో తీస్తే గోడలు, కిటికీలు పడతాయి గానీ లోపల అత్తాకోడళ్లు మాట్లాడుకుంటున్నారో లేదో పడదు కదా. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ ఎమ్మారై నార్మల్‌గానే వస్తుంది. రాకపోతేనే మేం కంగారుపడతాం.

మీరు చదివింది వేరే రకం స్కాన్ గురించి, ఫంక్షనల్ ఎమ్మారై అంటారు. మెదడులో ఏ భాగం పనిలో పడితే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం కాస్త ఎక్కువ వెళ్తుంది, ఆ తేడాని మెషీన్ పట్టుకుంటుంది. ఇంటి ఫొటో పక్కన పెట్టి కరెంటు మీటరు చూసినట్టు అనుకోండి. మీరు ఆ ప్రొఫెసర్ పేరు రాయలేదు, ఇలాంటి పని చేసేవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు, వాళ్లలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని గ్రెగ్ సీగల్ అనే సైకాలజిస్టు చేసిన పని మీ తమ్ముడి విషయంలో పనికొస్తుందనిపించి చెబుతున్నాను.

2002లో ఆయన బృందం ఒక చిన్న ప్రయోగం అచ్చువేసింది. డిప్రెషన్ ఉన్నవాళ్లు ఏడుగురు, ఎప్పుడూ లేనివాళ్లు పదిమంది, అంతే. మెషీన్‌లో పడుకున్న మనిషికి ఒక మాట చూపిస్తారు, అది మంచి మాటా చెడ్డ మాటా, ఏ భావమూ లేనిదా అని చెప్పాలి. వెంటనే దానితో సంబంధం లేని పని ఒకటి, జ్ఞాపకశక్తికి పెట్టే చిన్న పరీక్ష లాంటిది. ఆ సేపంతా వాళ్లు మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగాన్ని గమనించారు, భయం, బాధ లాంటివి తగిలినప్పుడు ముందు ఉలిక్కిపడే భాగాల్లో అదొకటి. డిప్రెషన్ లేనివాళ్లలో చెడ్డ మాటకి లేచిన ఆ అలజడి పది సెకన్ల లోపే సద్దుమణిగింది. ఉన్నవాళ్లలో మాట పోయింది, రెండో పని మొదలైంది, 25 సెకన్ల తర్వాత కూడా అలజడి నడుస్తూనే ఉంది.

ఇది చదివినప్పుడు నాకు నా పేషెంట్లే గుర్తొచ్చారు. "పొద్దున మేనేజర్ ఒక మాటన్నాడండీ, రాత్రి పదకొండైనా అదే తిరుగుతోంది, ఆపుదామన్నా ఆగట్లేదు" అంటారు. పక్కనున్న భార్యో తండ్రో "వదిలేయొచ్చు కదా" అంటారు. వదిలేయడం చేతనైతే నా దగ్గరికెందుకొస్తారు? 25 సెకన్లకీ రాత్రి పదకొండింటికీ చాలా దూరం ఉంది, ఒకదాన్నుంచి ఇంకోటి తేల్చేశామని నేననను, కానీ బద్ధకం అనే మాట మాత్రం ఇక్కడ అతకదు.

ఆయనే 2006లో ఇంకో అడుగు వేశారు. మందులు వాడని 14 మంది డిప్రెషన్ పేషెంట్లకి ముందు స్కాన్ తీసి, తర్వాత సీబీటీ ఇప్పించారు, అంటే ఆలోచనలు ఎక్కడ దారి తప్పుతున్నాయో కూర్చుని మాట్లాడి సరిచేసుకునే థెరపీ. నుదుటి వెనక లోపలికి సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ అని నోరు తిరగని పేరున్న భాగం ఒకటుంది, చెడ్డ మాటలకి ఆ భాగం తక్కువగా స్పందించినవాళ్లకే థెరపీ బాగా పనిచేసింది. 2012లో మరికొంతమంది మీద, వేరే స్కానర్ మీద కూడా చూస్తే ఫలితం దాదాపు అలాగే వచ్చింది. గమనించారా, ఈ రెండో పనిలో ప్రశ్నే మారిపోయింది, ఎవరికి ఏ వైద్యం పనిచేస్తుందో ముందే తెలుస్తుందా అన్నది వాళ్లు వెతుకుతున్నది. నా మటుకు నాకు ఈ రంగంలో ఆశ ఉన్నది ఇక్కడే.

అయితే అది తీయించేద్దాం అంటారేమో. వద్దు. ఏడుగురిని పదిమందితో పోల్చి సగటు తీస్తే కనబడే తేడా, మీ తమ్ముడొక్కణ్ని పడుకోబెడితే కనబడాలని లేదు. 2022లో జర్మనీ పరిశోధకులు 1,800 మందికి పైగా మెదడు స్కాన్లు ముందేసుకుని, వీటిని చూసి ఎవరికి డిప్రెషన్ ఉందో కనిపెట్టగలమా అని లెక్కలు కట్టారు. మామూలు ఎమ్మారై, ఫంక్షనల్ ఎమ్మారై, అన్నీ చూశారు. దేనికదే చూస్తే 54 నుంచి 56 శాతం సరిగ్గా చెప్పగలిగారు. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తుంది!

పైగా ఆ ఎరుపు పసుపు మచ్చల బొమ్మలకి జనం ఇట్టే పడిపోతారు. ఆ రంగులు కంప్యూటర్ లెక్క వేసి పూసినవి, లోపల ఏ బల్బూ వెలగదు. 2009లో అమెరికాలో కొందరు కావాలనే ఒక చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, లెక్కలో ఒక సవరణ చేయకుండా వదిలేస్తే చేప మెదడులో కూడా ఎర్రమచ్చ వచ్చింది. సవరించగానే పోయింది. దీనికి 2012లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి, నవ్వుకోవడానికే అనుకోండి, కానీ ఆ చేప తర్వాత చాలామంది లెక్కలు ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తున్నారు. కాబట్టి ఎవరైనా రంగుల స్కాన్ తీసి మీకు డిప్రెషన్ రకం చెప్పేస్తామంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. డిప్రెషన్ పేరు పెట్టడానికి మనిషిని కూర్చోబెట్టి మాట్లాడటమే ఇప్పటికీ పద్ధతి: రెండు వారాలకి పైగా మనసు కుంగిపోయి ఉండటం, ఇష్టమైనదాని మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, నిద్ర, తిండి, చావు ఆలోచనలు. క్రికెట్ చూడటం లేదని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం ఎమ్మారై కన్నా నాకు ఎక్కువ చెప్పింది.

అసలు స్కానే అక్కర్లేదని కాదు. జీవితంలో మొదటిసారి డిప్రెషన్ యాభై అయిదూ అరవై దాటాక వచ్చినా, ఫిట్స్ ఉన్నా, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడినా, కొత్తగా వదలని తలనొప్పి ఉన్నా, బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలినా మేమే రాస్తాం. మీవాడికి అంతకన్నా ముందు కావాల్సింది థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్. థైరాయిడ్ తగ్గితే అచ్చం డిప్రెషన్‌లాగే కనబడుతుంది, ఎమ్మారై ఖర్చుతో పోలిస్తే ఆ పరీక్ష ఖర్చెంత.

మందు విషయం. పన్నెండు రోజులంటే అది పని మొదలుపెట్టే వేళకి మానేశాడన్నమాట. ఈ మాత్రకి రెండు వారాలు దాటాక కొంచెం తేడా తెలుస్తుంది, పనిచేస్తోందో లేదో తేల్చడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కడుపులో తిప్పడం, చిరాకు, కాళ్లు నిలవనీయకపోవడం ఉండొచ్చు. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదట్లో చావు ఆలోచనలు ఎక్కువయ్యే అవకాశం ఉందని హెచ్చరిక కూడా ఉంది, మీవాడి వయసు దాని పక్కనే కాబట్టి కన్నేసి ఉంచండి. మీరే మళ్లీ మొదలుపెట్టకండి, ఆ డాక్టరుకే ఫోన్ చేసి మధ్యలో ఆపిన సంగతి చెప్పండి. ఇంకొకటి, మీవాడు గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండానే రోజుల తరబడి హుషారుగా, గలగలా మాట్లాడుతూ, డబ్బు తెగ ఖర్చుపెడుతూ ఉన్నాడా? ఉంటే అది తప్పకుండా చెప్పాలి, మందే మారిపోవచ్చు. థెరపీ గురించి కూడా అడగండి.

నాన్నగారిని బయట కుర్చీలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి. ఆ ఎమ్మారై కవరు కూడా పట్టుకెళ్లండి, "గడ్డ లేదు, దెబ్బ లేదు, ఇది చెప్పేది అంతవరకే" అని ఆ డాక్టరు చేతే ఆయనకి చెప్పించండి. అపాయింట్‌మెంట్ వచ్చే వారం కాదు, రేపటికి చూడండి.