ఒక్కాయనే మాట్లాడేస్తుంటే ఎలా?

ప్రశ్న: మేడమ్, నేను చెన్నైలో ఒక డే కేర్‌లో చేస్తున్నా. డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉన్న 7 మంది తెలుగు పెద్దవాళ్లకి గ్రూప్ థెరపీ నడపమన్నారు. ఒకాయనే అంతా మాట్లాడేస్తారు, ఇద్దరు ఆడవాళ్లు నోరే విప్పరు, ఇవాళ ఏ వారం అనడిగితే మొహం చిన్నబుచ్చుకుంటారు.
- పెరంబూర్ పాఠకురాలు

జవాబు: ముందు ఆ వారం అడగడం మానెయ్యండమ్మా, మనకైనా టక్కున రాదు ఒక్కోసారి! వారం, తేదీ మీరే బోర్డు మీద పెద్దక్షరాలతో రాసిపెట్టేయండి. కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ (గ్రూపులో కబుర్లు, ఆటలతో మెదడుకి పనిపెట్టడం) అని ఇంగ్లండ్‌లో తయారైన పద్ధతి ఉంది, వారానికి 2 చొప్పున 14 సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, చెన్నైలో మానసిక ఆరోగ్యం మీద పనిచేసే స్కార్ఫ్ సంస్థవాళ్లు దాన్ని తమిళంలో ఇక్కడివాళ్లకి తగ్గట్టు మార్చారు కూడా. అందులో అసలు కిటుకేంటంటే జ్ఞాపకం అడక్కూడదు, అభిప్రాయం అడగాలి. ఆవకాయ, మాగాయ రెండూ ముందు పెట్టి వాసన చూపించి ఏది బాగుందండీ అంటే తప్పు జవాబే ఉండదు కదా, అక్కణ్ణుంచి కారం ఎక్కువైందనో మా అత్తగారు ఇలా పెట్టేవారు కాదనో వాళ్లే అందుకుంటారు. మాట్లాడే ఆయనకి మెత్తటి బంతి అందరికీ విసిరే పని అప్పగించండి, బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. మాట్లాడనివాళ్లని మీ పక్కనే కూర్చోబెట్టుకోండి, అంతకంటే ముందు వాళ్లకి సరిగ్గా వినబడుతోందో లేదో చూడండి, చాలాసార్లు సమస్య అక్కడే. ఇది తేలికపాటి, మధ్యస్థాయి డిమెన్షియాకే, మరీ ముదిరినవాళ్లని ఇదే గ్రూపులో కలపొద్దు. డాక్టరిచ్చిన మందులు మాత్రం ఆపకూడదని ఇంట్లోవాళ్లకి చెప్పండి.