పీపీఏ కలుపుకొనే ముందు అటువైపు ఎవరున్నారో చూడండి

లినక్స్ రకమైన ఉబుంటు 24.04లో ఫొటోలు దిద్దే గింప్ పాత వెర్షనే వస్తోందని, కొత్తదాని కోసం ఏదో పీపీఏ, అంటే ఎవరైనా సొంతంగా తెరిచే సాఫ్ట్‌వేర్ గోదాము (రిపాజిటరీ), కలుపుకొమ్మని ఒక వీడియోలో చెప్పారని, ఇలాంటి అనధికార రిపాజిటరీలు వాడితే ప్రమాదమా అని మీరు అడిగారు. ప్రమాదం అనగానే చాలామందికి వైరస్ గుర్తుకొస్తుంది. నేను చూసిన ఇళ్లలోను, చిన్న ఆఫీసుల్లోను వైరస్ వల్ల చెడిన లినక్స్ యంత్రం ఒక్కటీ లేదు గానీ, ఎప్పుడో ఎవరో కలిపి మరిచిపోయిన రిపాజిటరీ వల్ల చెడినవి మాత్రం చాలా ఉన్నాయి.

రిపాజిటరీని కలిపినప్పుడు మనకు కావలసింది ఒక్క ప్యాకేజీయే (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మూట) అయినా, సాఫ్ట్‌వేర్‌ను దించి ఎక్కించే ఉబుంటు సాధనం ఆప్ట్ దృష్టిలో ఆ రిపాజిటరీకీ ఉబుంటు అధికారిక రిపాజిటరీకీ హోదా ఒకటే. రెండింటికీ మామూలుగా 500 ప్రాధాన్యమే ఉంటుంది కాబట్టి, ఏ పేరుతో ఉన్న ప్యాకేజీ అయినా సరే, ఎవరి వెర్షన్ అంకె పెద్దదైతే వారిదే లోపలికి వస్తుంది. పైగా ప్రతి ప్యాకేజీతో పాటు వచ్చే ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టులు రూట్ అధికారంతో నడుస్తాయి. అంటే ఆ రిపాజిటరీని నడిపే మనిషికి ఈ రోజే కాక, మీరు అప్‌గ్రేడ్ నొక్కిన ప్రతిసారీ మీ యంత్రం మీద సర్వాధికారాలు ఉంటాయి. డిజిటల్ సంతకం ఉంది కదా అంటారు. సంతకం ప్యాకేజీ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెబుతుందే తప్ప, అందులో ఏముందో చెప్పదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పెద్దమ్మగారి అబ్బాయి ఒక కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు ఒక గదినిండా ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఉబుంటు 18.04 ఉండేది. 2023 మే నెలాఖరుతో ఆ వెర్షన్‌కు ఉచిత మద్దతు ముగుస్తుందని తెలిసి, ఎంసెట్ అయిపోయి పిల్లలు లేని సమయం చూసుకొని, అన్న తానే 20.04కు అప్‌గ్రేడ్ చేశాడు. అప్‌గ్రేడ్ సాఫీగానే జరిగింది. ఆ తరువాత ఫోన్ చేసి, "తమ్మీ, సిస్టమ్‌లు మంచిగనే ఆన్ అయితున్నయి గానీ, వీడియోల కోసం కోడెక్‌లు ఎక్కిద్దామంటే ఒక్కదాంట్ల గూడ ఎక్కుత లేవు. నువ్వొకసారి వచ్చి చూడరాదు" అన్నాడు.

వెళ్లి చూస్తే, కోడెక్‌లను (వీడియోలు, పాటలు ఆడించే భాగాలను) తెచ్చే రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ ప్యాకేజీని అడిగిన ప్రతి యంత్రంలోనూ డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీలు) కుదరడం లేదని, హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్ (మార్చకుండా ఆపి ఉంచిన, చెడిన ప్యాకేజీలు) ఉన్నాయని ఆప్ట్ మొండికేసింది. నిజానికి అక్కడ ఎవరూ దేన్నీ హోల్డ్‌లో పెట్టలేదు. ఇంత మందిని ఇన్నేళ్లుగా తప్పుదోవ పట్టించిన ఎర్రర్ సందేశం ఆప్ట్‌లో మరొకటి ఉండదు. వీడియోలను నడిపించే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు చెందిన ఒక లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) మీద, ఏ వెర్షన్ ఎక్కడి నుంచి వస్తుందో చూపే ఆప్ట్ పాలసీ కమాండ్ నడిపితే విషయం బయటపడింది. మూడు నక్షత్రాల (***) గుర్తుతో ఉన్న వరుసలో 4.3 వెర్షన్ కనిపించింది, దాని కింద మూలం అంటూ ఉన్నది 100 ప్రాధాన్యంతో, యంత్రంలో ఉన్న ప్యాకేజీల చిట్టా అయిన డీపీకేజీ స్టేటస్ ఫైలు ఒక్కటే. అంటే ఆ వెర్షన్ యంత్రంలో ఉన్న మాట నిజమే గానీ, అది ఫలానా చోట దొరుకుతుందని చెప్పే రిపాజిటరీ ఏదీ మిగల్లేదు. దాని కిందనే 500 ప్రాధాన్యంతో, 20.04 వారి అధికారిక 4.2 వెర్షన్ నిలబడి ఉంది.

జరిగింది ఇది. 18.04లో అధికారికంగా ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్ 3.4 శ్రేణికి చెందినది. వీడియో పాఠాల కోసం మునుపు అక్కడ పనిచేసిన ఒక కుర్రవాడు ఎవరో ఒక వ్యక్తి నడిపే పీపీఏను కలిపి 4.3 ఎక్కించి వెళ్లాడు. రిలీజ్ అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు ఉబుంటు బయటి రిపాజిటరీలన్నిటినీ ఆపివేస్తుంది, కానీ వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలను మాత్రం తీసివేయదు. 4.3 అనేది 4.2 కంటే పెద్ద అంకె కాబట్టి ఆప్ట్ పాత లైబ్రరీలనే ఉంచేసింది. కోడెక్ ప్యాకేజీకేమో పక్కనున్న లైబ్రరీలు సరిగ్గా తన వెర్షన్‌వే కావాలి. ఒకదాన్ని ఒకటి ఒప్పుకోక రెండూ అక్కడే ఆగిపోయాయి.

పీపీఏ పర్జ్ అనే సాధనం ఇలాంటి ప్యాకేజీలను అధికారిక వెర్షన్లకు వెనక్కు తెస్తుంది, కానీ దాన్ని అప్‌గ్రేడ్‌కు ముందు, పీపీఏ ఇంకా పనిచేస్తుండగానే నడపాలి. ఆ అవకాశం దాటిపోయింది కాబట్టి, ఆప్ట్ ప్రిఫరెన్సుల ఫోల్డర్‌లో మూడు వరుసల ఫైలు ఒకటి రాసి, ఉబుంటు పేరుతో వచ్చే ప్యాకేజీలన్నిటికీ 1001 ప్రాధాన్యం ఇచ్చాను. ప్రాధాన్యం 1000 గానీ ఆపైన గానీ ఉంటేనే ఆప్ట్ పెద్ద వెర్షన్ నుంచి చిన్న వెర్షన్‌కు దిగడానికి ఒప్పుకుంటుంది. ఫుల్ అప్‌గ్రేడ్ నడిపితే డౌన్‌గ్రేడ్ కాబోయే ప్యాకేజీల జాబితా తెర నిండా వచ్చింది. అది మొత్తం చదివి, ఏదీ అనవసరంగా తొలగిపోవడం లేదని చూసుకొని ఒప్పుకున్నాను. పని కాగానే ఆ ఫైలును తప్పనిసరిగా తీసివేయాలి, లేకపోతే ఉబుంటులో కూడా ఉన్న ప్యాకేజీలకు, రేపు కావాలని కలుపుకున్న మంచి రిపాజిటరీ కూడా పనిచేయదు.

ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టను. అమీర్‌పేటలో లినక్స్ అడ్మినిస్ట్రేషన్ అని బోర్డు పెట్టిన చోట్ల జిరాక్స్ నోట్సులో కమాండ్లు వరుసగా ఉంటాయి, ఒక్కొక్కటి ఏం చేస్తుందో మాత్రం ఉండదు. యూట్యూబ్‌లోని తెలుగు వీడియోలు మరీ ఘోరం. నెట్ నుంచి కర్ల్ కమాండ్‌తో దింపిన స్క్రిప్టును చదవకుండానే సుడోతో, అంటే రూట్ అధికారంతో, కమాండ్లు నడిపే బాష్‌కు అందించమంటారు, ఆ స్క్రిప్టు వెనుక ఉన్నవారెవరో ఒక్క మాటా చెప్పరు. ఆప్ట్ కీ అనే పాత కమాండ్‌ను ఇంకా నేర్పుతున్నారు. దానితో కలిపిన తాళాన్ని (రిపాజిటరీ సంతకాన్ని సరిచూసే కీని) ఆప్ట్ ఆ ఒక్క రిపాజిటరీకి కాక అన్నిటికీ నమ్ముతుందన్న కారణంతోనే కదా దాన్ని పక్కన పెట్టింది. రిపాజిటరీని ఎలా కలపాలో చెప్పేవారు ఎలా తీసివేయాలో కూడా చెప్పి తీరాలన్నది నా పట్టుదల.

ఇక అటువైపు ఉన్నవారు మారిపోతే ఏమవుతుందో చూడండి. ఉబుంటుకు మూలమైన డెబియన్ వాడేవారిలో చాలామంది ఒకప్పుడు డెబియన్ మల్టీమీడియా డాట్ ఆర్గ్ అనే అనధికార రిపాజిటరీని కలుపుకొని ఉండేవారు. దాన్ని నడిపేవారు వేరే పేరుకు మారారు, పాత డొమైన్ గడువు తీరింది, ఎవరో తెలియని వారు దాన్ని మళ్లీ నమోదు చేసుకున్నారు. అందరూ తమ సోర్సెస్ ఫైళ్లలో (రిపాజిటరీల చిరునామాలుండే ఫైళ్లలో) నుంచి ఆ చిరునామాను తొలగించాలని 2013 జూన్‌లో డెబియన్ ప్రాజెక్టు ప్రకటించవలసి వచ్చింది. ఆర్చ్ అనే మరొక లినక్స్‌కు వాడుకరులే ప్యాకేజీలు చేర్చే ఏయూఆర్‌లో 2018 జూలైలో, యజమాని వదిలేసిన అడోబీ రీడర్ ప్యాకేజీని ఒక కొత్త వ్యక్తి దత్తత తీసుకొని, అందులో హానికరమైన స్క్రిప్టు చేర్చాడు. మళ్లీ అక్కడే 2025 జూలైలో, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లకు మరమ్మతులన్నట్టు పేర్లు పెట్టిన ప్యాకేజీల ద్వారా యంత్రాన్ని దూరం నుంచి నడిపించే ట్రోజన్‌ను వదిలారు.

అయితే బయటివన్నీ చెడ్డవన్న వాదాన్ని నేను ఒప్పుకోను. పోస్ట్‌గ్రెస్ వారి సొంత ఆప్ట్ రిపాజిటరీ, డాకర్ వారిది, ఫైర్‌ఫాక్స్ కోసం మొజిల్లా తెరిచినది, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారే నడిపేవి. వారి ప్రోగ్రామును నమ్మి వాడేవారు వారి రిపాజిటరీని కూడా నమ్మవచ్చు. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ కోసం చాలామంది వాడే పీపీఏను నడిపే ఓన్‌డ్రెయ్ సూరీ డెబియన్‌లో పీహెచ్‌పీ ప్యాకేజీలను చూసుకున్న వ్యక్తే. ఫెడోరా అనే లినక్స్ వాడేవారికి ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రిపాజిటరీ లేనిదే వీడియోల విషయంలో రోజు గడవదు. పీపీఏలలో ఇంకొక మేలు కూడా ఉంది: అక్కడికి సోర్స్ కోడ్ మాత్రమే పంపాలి, ప్యాకేజీని పీపీఏలకు చోటిచ్చే లాంచ్‌ప్యాడ్ సైట్ సర్వర్లే తయారుచేస్తాయి. ఏ కోడ్ నుంచి ఏది వచ్చిందో చూడాలనుకునేవారు చూడవచ్చు, కాకపోతే మన తరఫున దాన్ని ఎవరూ తనిఖీ చేయరు. నాకు అభ్యంతరం ఉన్నదల్లా, నిర్వాహకుడి పేరు తప్ప మరేమీ తెలియని, చివరి అప్‌డేట్ ఎప్పుడో వచ్చిన సొంత పీపీఏల మీదే.

మీ గింప్ సంగతికి వస్తే, 24.04 అధికారిక రిపాజిటరీలో ఉన్నది 2.10 శ్రేణి. 2025 మార్చిలో వచ్చిన 3.0, ఆ తరువాతివి కావాలంటే ఫ్లాట్‌హబ్ అనే సైట్ నుంచి ఫ్లాట్‌ప్యాక్‌గా (ఏ లినక్స్‌లోనైనా నడిచేలా కట్టిన ప్యాకేజీగా) తీసుకోండి. ఫ్లాట్‌హబ్ కూడా బయటిదే అని మీరు అనవచ్చు, నిజమే. కానీ తనకు కావలసిన లైబ్రరీలను అది వేరుగా తెచ్చుకుంటుంది కాబట్టి, ఉబుంటు లైబ్రరీల అంకెలతో దానికి పోటీ ఉండదు, రేపటి అప్‌గ్రేడ్‌కు అడ్డం రాదు. డిస్క్‌లో చోటు ఎక్కువ తీసుకుంటుంది, మీ ఫైళ్లను చూసే అనుమతి కూడా చాలా ఫ్లాట్‌ప్యాక్‌లకు ఉంటుంది, అందుకే పేరు పక్కన వెరిఫైడ్ (తయారుచేసినవారిదేనని నిర్ధారించిన) గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఆ వీడియో చూసి పీపీఏను ఇప్పటికే కలిపి ఉంటే, ముందు పీపీఏ పర్జ్ నడిపి, ఆప్ట్ కింద సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ అనే ఫోల్డర్ తెరిచి అందులో ఇంకా ఏమేమి మిగిలి ఉన్నాయో చూడండి. 24.04లో పీపీఏల ఫైళ్లు డాట్ సోర్సెస్ అనే కొత్త పద్ధతిలో ఉంటాయి, తాళం కూడా ఆ ఫైలులోనే ఉంటుంది. ఉబుంటు డాట్ సోర్సెస్ అన్నది అధికారిక ఫైలు, దాన్ని మాత్రం ముట్టుకోకండి.