బొమ్మల కంటే ముందు రికార్డర్

చిరంజీవికి,

వీధుల్లో తిరుగుతూ ఆడే ఆట చేస్తున్నావని తెలిసి సంతోషం. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో యూనిటీనా, అన్‌రియలా అని అడిగావు. నీ చేతికి ఏది అలవాటైతే అది. యూనిటీ అయితే, కెమెరాలో కనిపించే దృశ్యం మీద ఆట బొమ్మల్ని కలిపే ఏఆర్ ఫౌండేషన్ ఉంది కాబట్టి ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ చాలావరకు ఒకే కోడ్ సరిపోతుంది. ఆ సంగతి అక్కడితో వదిలెయ్.

అసలు తంటా సెన్సర్లతో. ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్‌లో, నువ్వున్న చోటు చూపే జీపీఎస్ చుక్క బుద్ధిగా నడుస్తుంది. బయట ఎత్తైన భవనాల మధ్య అయితే సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కదా, చుక్క రోడ్డు అవతలికి దూకేస్తుంది. మేమొకసారి నిధి వెతికే ఆట చేశాం. పది మీటర్ల లోపలికి వస్తే పెట్టె తెరుచుకోవాలి. ఆఫీసులో బ్రహ్మాండంగా నడిచింది. బయట మొదటి రోజే ఒకమ్మాయి కదలకుండా నిలబడి ఉంటే పెట్టె తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్ళీ తెరుచుకోవడం! పాపం, తనదే తప్పనుకుని ఫోన్ దులుపుతోంది. లోపలికి రావడానికి 10 మీటర్లు, బయటికి పోయినట్టు లెక్కేయడానికి 25 అని రెండు హద్దులు పెట్టాక కుదుటపడింది.

అందుకే ఆట బొమ్మల సంగతి తర్వాత, ముందు నడకని నమోదు చేసే రికార్డర్ ప్రోగ్రాం రాసుకో. జీపీఎస్ ఇచ్చిన ప్రతి పాయింటూ టైముతో, యాక్యురసీ అంకెతో (ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చో చెప్పేది) సహా ఫైల్లో పడాలి. ఆ నడకని డెస్క్ దగ్గర కూర్చుని ఎన్నిసార్లయినా తిరిగి నడిపించగలగాలి. ఆ ఫైల్‌ని జీపీఎక్స్ అనే, దారులు దాచే ఫార్మాట్‌లోకి మారిస్తే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తీసుకుంటుంది. ఐఫోన్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ మాత్రం అందులో వేపాయింట్లనే (విడివిడిగా గుర్తుపెట్టిన చోట్లు) చదువుతుంది, ట్రాక్ పాయింట్లను (నడిచిన దారిలోని చుక్కలు) పట్టించుకోదు. ఇది తెలియక నాకో సాయంత్రం పోయింది.

బ్లూటూత్ బీకన్లు, అంటే అక్కడక్కడా పెట్టి సిగ్నల్ పంపించే చిన్న పరికరాలు, పెడితే మీటర్ల లెక్కకి పోకు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మనిషి ఒళ్ళే మింగేస్తుంది. ఫోన్ వెనక జేబులో ఉంటే, బీకన్ ఎదురుగా నిలబడినా దూరంగా ఉన్నట్టే చూపిస్తుంది. దగ్గర, దూరం అని రెండు మాటలు చాలు.

ఆటలో భాగంగా నిజం దీపాలు వెలిగించాలన్నా, తలుపులు కదిలించాలన్నా ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులూ, వాటి మధ్య మాటలకి ఎంక్యూటీటీ అనే మెసేజ్ పద్ధతీ వాడు. అది 1999లో ఆయిల్ పైపులైన్లను శాటిలైట్ మీదుగా కనిపెట్టి చూడడానికి పుట్టింది, కనెక్షన్ తెగిపోవడం దానికి కొత్త కాదు. అందులో లాస్ట్ విల్ అని ఒకటుంది, అచ్చంగా వీలునామానే. బోర్డు ముందే రాసిపెట్టిన మెసేజ్‌ని, అది ఉన్నట్టుండి చచ్చిపోతే బ్రోకర్, అంటే మధ్యలో ఉండి మెసేజ్‌లు చేరవేసే సర్వర్, దానికోసం వింటున్న వాళ్ళందరికీ పంపుతుంది. దాన్ని వాడకపోతే ఏ బోర్డు పోయిందో ఆటగాళ్ళు చెప్పేదాకా నీకు తెలియదు.

రికార్డర్ అవ్వగానే భవనాల మధ్య ఓ అరగంట నడిచి ఆ ఫైల్ నాకు పంపు. కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ బాబాయి