ఎన్నారై సందేహాలు: ఐస్‌లాండ్ ఉన్నికి ఇంట్లోనే రంగులద్ది అమ్మొచ్చా?

ప్రశ్న: మా వారి ఉద్యోగం మీద కెనడాలోని విన్నిపెగ్ వచ్చి ఏడాది దాటింది. నాకు ఓపెన్ వర్క్ పర్మిట్ ఉంది. పుట్టిల్లు పోచంపల్లి, రంగుల మధ్యే పెరిగాను. ఈమధ్య దగ్గర్లోని గిమ్లీ ఊరు వెళ్ళినప్పుడు ఐస్‌లాండ్ వాళ్ళ స్వెటర్లు చూశాను. ఆ తరహా ఉన్నికి ఇంట్లో రంగులద్ది, చిలపలుగా (దారపు చుట్టలుగా) కట్టి అమ్మాలని ఉంది. సహజ రంగులైతే బాగుంటుందా? పెట్టుబడి ఎంత కావాలి? మీరు ఇక్కడ చాలాకాలంగా ఉన్నారు కదా, కాస్త చెప్పండి.

జవాబు: రంగుల కన్నా ముందు మీ పర్మిట్ కాగితం తీసి చదవండి. ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వేరే షరతులేమీ రాసి లేకపోతే సొంత వ్యాపారం చేసుకోవచ్చు. ఒకే యజమాని పేరు మీద ఇచ్చిన పర్మిట్‌తో ఉన్నవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. చేతిపని సరుకులు అమ్మే ఎట్సీ వెబ్‌సైట్‌లో నాలుగు చిలపలు అమ్మినా అది పనే. ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. కెనడాలో చేసిన పని అనుభవం మీద ఇచ్చే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) అప్లై చేసేటప్పుడు సొంత వ్యాపారంలో గడిపిన కాలం అనుభవంగా లెక్కలోకి రాదు. మీ వారి పేరు మీదే అప్లై చేస్తున్నట్లయితే టెన్షన్ అక్కర్లేదు. మీ అనుభవం మీదే ఆధారపడి ఉంటే మాత్రం ఉద్యోగం వదలకుండా దీన్ని పక్కన నడపండి.

ఇక ఉన్ని. గిమ్లీలో మీరు చూసినవి ఊరికే వచ్చినవి కావు. ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు 1875 అక్టోబరులో అక్కడి విన్నిపెగ్ సరస్సు ఒడ్డున దిగారు. అదే ఏడాది ఐస్‌లాండ్‌లో ఆస్క్యా అగ్నిపర్వతం పేలి, తూర్పు ప్రాంతంలో పొలాల మీద బూడిద కమ్మేసింది. దిగిన మరుసటి ఏడాదే మశూచి వచ్చి ఎంతోమందిని తీసుకుపోయింది. అల్లిక ఆ కుటుంబాల్లో ఇప్పటికీ ఉంది. ఆగస్టు మొదట్లో గిమ్లీలో జరిగే ఐస్‌లాండ్ పండక్కి వెళ్ళండి. ఆడవాళ్ళు చిలపని చేత్తో పట్టుకుని, పురి ఎంత ఉందో వేళ్ళతోనే చూస్తారు. మీ కొనుగోలుదారులు వాళ్ళే, వాళ్ళని మాటలతో మాయ చేయలేరు.

ఐస్‌లాండ్ గొర్రెకి రెండు పొరల ఉన్ని ఉంటుంది. పైపొర తోగ్: పొడుగ్గా, కాస్త గరుగ్గా, మెరుపుతో ఉంటుంది, వాన నీటిని జార్చేస్తుంది. లోపలి పొర థేల్: పొట్టిగా, మెత్తగా, వెచ్చగా ఉంటుంది. రెండూ కలిపి, పురి చాలా తక్కువగా పెట్టి తీసిందే లోపి. మన కురుమలు నేసే గొంగడి తెలిసినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. గుచ్చుకున్నా సరే, చలికీ వానకీ ఆగాలి. ఉన్ని కాక వెంట్రుకలే ఉండే నెల్లూరు గొర్రెని చూసి పెరిగినవాళ్ళకి మాత్రం ఉన్ని అంటే దుకాణంలో దొరికే మెత్తటి మెరీనో గొర్రె ఉన్నే.

చిక్కంతా ఇక్కడే ఉంది. చేత్తో రంగులద్ది అమ్మేవాళ్ళలో ఎక్కువమంది సూపర్‌వాష్ మెరీనో వాడతారు. మెషిన్‌లో వేసినా ముద్ద కట్టకుండా ఉండేలా దాన్ని శుద్ధి చేసి ఉంచుతారు. రంగు ఇట్టే పట్టుకుంటుంది, కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఐస్‌లాండ్ ఉన్నికి ఆ శుద్ధి ఉండదు. వేడి నీళ్ళలో కదిపారా, మరుక్షణం ముద్దే. యూట్యూబ్‌లో మెరీనోకి చూపించిన పద్ధతిని దీనికి పెడితే చిలప పనికిరాకుండా పోతుంది. లోపిలోనే ప్లోతులోపి అని పురి అసలే లేని రకం ఒకటుంది, చక్రంలా చుట్టి అమ్ముతారు. నీళ్ళలో వేస్తే ఎక్కడికక్కడ విడిపోతుంది కాబట్టి దాని జోలికి వెళ్ళొద్దు. లెట్‌లోపి 50 గ్రాములకి సుమారు 100 మీటర్లు వస్తుంది, పురి తక్కువే అయినా తట్టుకుంటుంది. దాన్ని ఉండ విప్పి చిలపగా చుట్టుకోవాలి. ఐన్‌బాండ్ అన్న ఇంకో రకం సన్నది, 50 గ్రాములకి 250 మీటర్ల దాకా వస్తుంది, మొదటి ప్రయోగాలకి అది మేలు.

పద్ధతి ఇలా. చిలపకి నాలుగు చోట్ల నూలు దారంతో ఎనిమిది అంకెలా, వదులుగా కట్టండి. ఇక్కత్ నేతకి దారం మీద చిటికి (రంగు ఎక్కకుండా బిగించే ముడి) కట్టడానికి అలవాటు పడ్డ చేయి కదా, బిగించేస్తారు. బిగిస్తే అక్కడ రంగు ఎక్కదు. గోరువెచ్చటి నీళ్ళలో అరగంటకి తక్కువ కాకుండా నానబెట్టండి. నూరు గ్రాముల ఉన్నికి ఒక గ్రాము యాసిడ్ డై (పుల్లటి నీళ్ళలో ఉన్నికి పట్టే రంగు పొడి) వేస్తే మధ్యరకం ముదురు వస్తుంది. నీళ్ళలో నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ కలపండి. మంట చిన్నగా పెట్టి, మెల్లమెల్లగా 85, 90 డిగ్రీల దాకా తీసుకెళ్ళి ఓ అరగంట అక్కడే ఉంచండి. తెర్ల కాగనివ్వొద్దు, గరిటెతో తిప్పొద్దు. నీళ్ళు తేటపడ్డాయంటే రంగంతా ఉన్నిలోకి వెళ్ళినట్టు. ఆ తర్వాత పాత్రలోనే చల్లారనివ్వాలి. తొందరపడి కుళాయి కింద పెట్టారంటే చేసిన పనంతా వృథా. ఈ పాత్రల్ని మళ్ళీ సాంబారుకి వాడకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. రంగు పొడి కలిపేటప్పుడు మాత్రం మాస్కు తప్పనిసరి.

విన్నిపెగ్‌లో ఉండటం మీ అదృష్టం. మన నీళ్ళు షోల్ లేక్ అనే సరస్సు నుంచి వస్తాయి, అంత కఠినంగా ఉండవు. ఊరి బయట బోరు నీళ్ళు వాడే ఇంటికి మారితే అదే కొలతలతో వేరే రంగు వస్తుంది, ఆశ్చర్యపోవద్దు.

సహజ రంగులంటారా? మనవాళ్ళ చేయి ముందుగా పసుపు డబ్బా మీదికే పోతుంది. పసుపు రంగు మొదట కళ్ళు చెదిరేలా ఉంటుంది గానీ ఎండకి నిలవదు. దాంతో అమ్మితే ఒక్క వేసవితో మీ పేరు పోతుంది. పటిక పట్టించిన ఉన్ని మీద బంతిపూల రంగు అంతకన్నా ఎంతో నిలుస్తుంది. ఉన్ని బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా పటిక సరిపోతుంది. ఐస్‌లాండ్ వాళ్ళు బర్చ్ చెట్టు ఆకులు, రూబార్బ్ మొక్క వేరు, రాళ్ళ మీద పెరిగే లైకెన్లు వాడేవారు. నీలిమందు వాళ్ళకీ బయటి నుంచి రావాల్సిందే. లైకెన్లని మాత్రం అడవిలో గీకి తేవొద్దు, అవి పెరగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఏ రంగైనా సరే, నాలుగు పోగులు అట్టకి చుట్టి, సగం కప్పి, దక్షిణం వైపు కిటికీలో నెల రోజులు పెట్టండి. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా కనపడితే అది అమ్మే రంగు కాదు.

నన్నడిగితే మీరు తెల్ల ఉన్నితో మొదలుపెట్టొద్దు. తెల్లదాని మీద రంగులు వేసేవాళ్ళు సవాలక్ష మంది ఉన్నారు. ఐస్‌లాండ్ గొర్రెల్లో బూడిద, గోధుమ, నలుపు సహజంగానే ఉన్నాయి. లేత బూడిద చిలప మీద ఎరుపు వేస్తే ఎండిన గులాబీ రంగు వస్తుంది, నీలం వేస్తే మబ్బు పట్టిన సరస్సులా ఉంటుంది. పోగుపోగుకీ ఛాయ మారుతుంది. పోచంపల్లి కన్నుకి అది ఇట్టే తెలుస్తుంది. మీ సరుకు ప్రత్యేకంగా కనిపించాలంటే దారి అదే.

అసలు సరుకు ఎక్కడ కొనాలన్నది తర్వాత వచ్చే ప్రశ్న. ఐస్‌లాండ్‌లో లోపి తీసేది ప్రధానంగా ఇస్తెక్స్, 1991లో పెట్టిన కంపెనీ, అందులో గొర్రెల రైతులకి వాటా ఉంది. అది దూరం, సుంకం, రవాణా. ఇక్కడ ఇంకో దారి ఉంది. ఆ జాతి గొర్రెలు 1985లోనే ఒంటారియోకి వచ్చాయి, ఇప్పుడు కెనడాలో చిన్న చిన్న మందలున్నాయి. రైతు దగ్గర ఉన్ని కొని చిన్న మిల్లులో వడికించుకోవచ్చు. ఎప్పుడు కత్తిరించిందో అడిగి కొనండి. శరత్కాలంలో కత్తిరించింది మంచిది, వసంతంలో కత్తిరించింది పొట్టిగా, చిక్కుపడి ఉంటుంది.

ఇప్పుడు లెక్క. చాలామంది రంగు ఖర్చే లెక్కేసుకుని సంబరపడతారు. రంగుకి చిల్లరే అవుతుంది, డబ్బు తినేది ఉన్ని. ఉదాహరణకి వంద గ్రాముల చిలప ఉన్ని మీకు 14 డాలర్లకి పడిందనుకోండి. 32కి అమ్మితే 18 మిగిలినట్టే అనిపిస్తుంది. ఎట్సీ లావాదేవీకి 6.5 శాతం తీసుకుంటుంది, కార్డు ఖర్చు వేరే. అదే చిలప దుకాణానికి ఇస్తే సాధారణంగా సగం ధరకే అడుగుతారు. అంటే 16. మీకు మిగిలేది రెండు డాలర్లు, అందులోనే రంగు, కరెంటు, లేబుల్, మీ మధ్యాహ్నపు శ్రమ. అందుకని మొదటి ఏడాది దుకాణాలకి ఇవ్వొద్దు, సంతల్లో నేరుగా అమ్మండి.

పోస్టు సంగతి కూడా. కెనడా పోస్ట్‌లో ఉత్తరంగా పంపాలంటే మందం రెండు సెంటీమీటర్లు దాటకూడదు. చిలప దాటుతుంది, పార్సిల్ ధర పడుతుంది. అమెరికాకి పంపడం 2025 ఆగస్టు చివరి నుంచి ఇంకా కష్టమైంది, 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేశారు. ముందు కెనడాలోనే అమ్ముకోండి.

కాగితాల పని పెద్దగా లేదు. వరసగా నాలుగు త్రైమాసికాల్లో అమ్మకాలు 30,000 డాలర్లు దాటే దాకా జీఎస్టీకి నమోదు తప్పనిసరి కాదు. ఆదాయపు పన్నులో మాత్రం మొదటి డాలరు నుంచీ చూపించాలి. లేబుల్ మీద ఏ పీచు ఎంత శాతమో ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ రాయాలి, అమ్మేవారి పేరూ చిరునామా ఉండాలి. ఇంటి చిరునామా వేయడం ఇష్టం లేకపోతే 100 డాలర్లు కట్టి సీఏ నంబర్ (అమ్మేవారిని గుర్తించే ప్రభుత్వ సంఖ్య) తీసుకుంటే సరిపోతుంది. ఐస్‌లాండ్ గొర్రె ఉన్ని కాకపోతే ఆ దేశం పేరు లేబుల్ మీద పెట్టకండి. అక్కడ 2020 నుంచి ‘ఐస్‌లాండ్ లోపపేయ్‌సా’ అన్న పేరుకి రక్షణ ఉంది. ఆ స్వెటర్ అక్కడి ఉన్నితో, అక్కడే, చేత్తో అల్లిందై ఉండాలి. మీది దారమే కాబట్టి ఆ నియమం మీకు తగలదు గానీ, గిమ్లీలో అబద్ధం చెప్పి నెగ్గుకురాలేరు.

పెట్టుబడి అడిగారు. రెండు పెద్ద స్టీలు పాత్రలు, థర్మామీటరు, చిలప చుట్టే చట్రం, అయిదారు రంగులు, రెండు మూడు కిలోల ఉన్ని చాలు. అద్దె ఇల్లయితే బేస్‌మెంట్‌లో ఆవిరి పెట్టే ముందు ఓనర్‌ని అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి. పాత్రలు థ్రిఫ్ట్ స్టోర్లో తెచ్చుకోవచ్చు. తూకం మాత్రం కొత్తది కొనండి, గ్రాములో పదోవంతు చూపించేది. వంటింటి తూకంతో కొలిస్తే ఒకే రంగు రెండోసారి రాదు. స్వెటర్ సగంలో ఉండగా ఇంకో చిలప కావాలని వచ్చినవాళ్ళకి మీరేం ఇస్తారు?