చిత్రమూలం వేరు కట్టాక బొబ్బలొస్తే

అన్నా, అమ్మ మోకాలికి బొబ్బలొచ్చింది ఆ పచ్చి వేరు వల్లే. పాలకొండల నుంచి తెచ్చి నూరి కట్టామన్నారు కదా, ఆ తెల్లపూల చిత్రమూలం వేరులో ప్లంబాజిన్ అనే ఘాటైన రసాయనం ఉంటుంది. అది చర్మాన్ని కాల్చేస్తుంది. ఈ మొక్కకు అగ్నిమాత అనే పేరు ఊరికే రాలేదు.

1. కట్టు విప్పి, సబ్బుతో, చల్లటి నీళ్లతో మెల్లగా కడగండి.
2. బొబ్బలు చిదమొద్దు. పసుపు, సున్నం ఏమీ పూయొద్దు. శుభ్రమైన పొడి గుడ్డ కప్పండి.
3. చీము పట్టినా, జ్వరమొచ్చినా, అమ్మకు షుగర్ ఉన్నా ఈరోజే కడప రిమ్స్‌కు తీసుకెళ్లండి. ఏ వేరు కట్టారో డాక్టరుకు చెప్పండి.

చాలామంది వదిలేసేది శోధన, అంటే వేరు ఘాటు తగ్గించే శుద్ధి. ఆయుర్వేద వైద్యులు వేరు ముక్కల్ని సున్నపు తేటలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టాకే మందుకు తీసుకుంటారు. అరుగుదలకు ఇచ్చే చిత్రకాది వటిలోనూ ముఖ్యమైనది ఈ వేరే. అలాగని ఇంట్లో నానబెట్టి మళ్లీ కట్టొద్దు. ఘాటు ఎంత తగ్గిందో మనకు తెలీదు.

మిగిలిన వేరు పిల్లలకు అందకుండా పాతిపెట్టండి. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త, కడుపులోకి వెళ్తే గర్భం పోయే ప్రమాదముంది.