మొదటి వారం చెమట పట్టించొద్దు

ఎం.ఆర్.పల్లి, తిరుపతి

అమ్మణ్ణీ,

ట్రైనర్ కోర్సు పాసయ్యి, కట్టమంచిలో ఇద్దరు ఆడవాళ్ళకు ఇంటికెళ్ళి వ్యాయామం నేర్పిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. అందులో ఒకామె నాలుగు రోజులకే మానేసిందని, "ఆమెకు శ్రద్ధ లేదు" అని నువ్వు విసుక్కున్నావని కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. బడిలో పీఈటీగా విజిల్ ఊది రిటైరై, ఎనిమిదేళ్ళుగా ఇక్కడి ఆడవాళ్ళతో వ్యాయామం చేయిస్తున్నదాన్ని. శ్రద్ధ లేని మనిషి ముందుగా ఫీజు కట్టదు. అది మాత్రం నాకు బాగా తెలుసు.

మొదటిరోజే ఆమె చేత స్క్వాట్లు, ఒక కాలు ముందుకేసి వంగే లంజెస్ అన్నీ చేయించి ఉంటావు. నేనూ అదే పని చేశాను. నా దగ్గరికి వచ్చిన మొట్టమొదటి ఆమెకు భర్తతో కలిసి పాత్రల షాపు ఉండేది. హైస్కూలు పిల్లల లెక్కన మూడు సెట్లు గుంజీలు తీయించాను. మర్నాడు మిద్దె మెట్లు దిగలేక, వెనక్కి తిరిగి రెయిలింగ్ పట్టుకుని దిగిందట. ఫీజు వెనక్కి అడగలేదు, మళ్ళీ నా మొహమూ చూడలేదు. బాగా చెమట పట్టిస్తే తీసుకున్న డబ్బుకు న్యాయం చేశామని మనకు తృప్తి. ఆ తృప్తికి ఆమె తొడలు మూల్యం చెల్లించాయి.

ఇప్పుడు నేను మొదటిరోజు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నిన్న ఎన్నింటికి లేచావు, ఏం తిన్నావు, వంట ఎవరిది, ఎప్పుడు కాస్త కూలబడ్డావు అని అడుగుతాను. "మామూలుగా ఏం తింటావు" అని అడగకు, అందరూ మంచిమాటలే చెబుతారు. నిన్నటి సంగతే అడుగు. బైరాగిపట్టెడలో ఒకామె "నేను తీపి ముట్టనే ముట్టను" అంది. రోజుకు నాలుగు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల చక్కెర. చెంచాకు 4 గ్రాములు వేసుకున్నా 32 గ్రాములైంది. 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నేను కాఫీ మానమనలేదు. సాయంత్రం కాఫీలో ఒక్క చెంచా తగ్గించమన్నాను. "అంతేనా?" అంది. ఆ "అంతేనా" అనిపించుకోవడమే నీ పని. రెండు వారాలకు పొద్దుటి కాఫీలోనూ ఆమే తగ్గించుకుంది, నేను అడక్కుండానే.

నడక సంగతీ అంతే. వారానికి 150 నిమిషాలని కోర్సులో చెప్పే ఉంటారు. ఒకప్పుడు ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలనే షరతు ఉండేది, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో దాన్ని తీసేశారు. ఇది ఇల్లాళ్ళకు తప్పకుండా చెప్పు. గంట తీరిక దొరికితే నడుద్దామని ఎదురుచూస్తూ వాళ్ళ ఏళ్ళు గడిచిపోతాయి. కుక్కర్ విజిళ్ళు వచ్చేలోపు వరండాలో వడిగా నడిచినా లెక్కకొస్తుంది. మన ఎండలకు వేసవిలో ఆరు లోపే మిద్దెమీద ముగించమను.

బరువులంటే "కండలొస్తాయేమో" అంటారు. బిందెలు మోసిన రోజుల్లో రాని కండలు రెండు కిలోల డంబెల్‌తో వస్తాయా? మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఆ కథ చెబితే కొందరికి హుషారొస్తుంది. అందరికీ రాదులే. యాభై దాటినవాళ్ళకు డంబెల్ కంటే ముందు కుర్చీ చాలు. చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో రాసిపెట్టు. నెల తర్వాత మళ్ళీ లెక్కపెట్టు. తూకం మిషన్ చూసి నీరుగారిపోయేవాళ్ళు ఈ లెక్క పెరిగితే పొంగిపోతారు. నడుముకు టేపు పెట్టడం కూడా మంచిదే, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

తిండి దగ్గర ఒక్కటే మాట. సంగటి తినే ఇంట్లోకి ఓట్స్ డబ్బా తీసుకెళ్ళకు. ముద్ద కాస్త చిన్నది చేసి, పప్పో ఆకుకూరో పెంచమను, గుడ్డు తినేవాళ్ళయితే గుడ్డు. చెనిక్కాయల్లో ప్రొటీన్ బాగానే ఉంది గానీ బరువులో సగం దాకా నూనే, కాబట్టి చెనిక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, నంజుకోవడానికే, కలుపుకుని తినడానికి కాదు.

ఇక మన ఊళ్ళలో నీకు తప్పకుండా ఎదురయ్యేది కొండ మొక్కు. "రెండు నెలల్లో నడిచి కొండెక్కాలమ్మా, మోకాళ్ళు సహకరించేలా చెయ్యి" అని వస్తారు. ఇంత మంచి అవకాశం ఇంకే ఊరి ట్రైనర్‌కీ ఉండదు. బరువు తగ్గమంటే వాయిదా వేసే మనిషి స్వామికి ఇచ్చిన మాట వాయిదా వెయ్యదు. అలిపిరి దారి 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు నిటారుగా ఉంటుంది, తర్వాత నడకదారి, చివర్లో మళ్ళీ మోకాళ్ళ పర్వతం. శ్రీవారి మెట్టు 2388 మెట్లే కదా, సులువని అనుకుంటారు. దారి పొట్టిదే, ఊపిరి తీసుకోవడానికి చదును తక్కువ. ఇంటి మెట్లతో మొదలుపెట్టు. పాదం మొత్తం మెట్టుమీద ఆనించి, ముందుకాలితో లేవమను, వెనకకాలితో నేలను తన్నొద్దను. వారం వారం కొన్ని మెట్లు పెంచు. ఎంత వేగంగా ఎక్కాలో చెప్పడానికి వాచీ అక్కర్లేదు. గోవింద నామం తెగకుండా పలకగలిగితే వేగం సరిపోయినట్టు. "గోవిం..." దగ్గర ఊపిరి ఆగిందంటే నిదానించాలి. దిగడం బస్సులోనే అని ముందే ఒప్పించు, దిగేటప్పుడే తొడలు, మోకాళ్ళు ఎక్కువ దెబ్బతింటాయి. చిరుతల భయంతో నడకదారి వేళలు మారుతుంటాయి, కనుక్కుని పంపు.

ఇంకో సంగతి. మొక్కు తీరిన మర్నాడే వ్యాయామం మానేస్తారు. నేను ఇద్దరిని అలా పోగొట్టుకున్నాక తెలివి తెచ్చుకున్నాను. కొండెక్కకముందే, వచ్చిన మూడో రోజుకు "కాళ్ళనొప్పులు తగ్గే నడక" అని టైము రాసిచ్చేస్తాను. వస్తారు.

ఇది మాత్రం మరిచిపోవద్దు. ఒక శనివారం ఒకామె ఒక్కపొద్దుండి, పొద్దున షుగర్ మాత్ర మాత్రం వేసుకుని నా దగ్గరికి వచ్చింది. పది నిమిషాలకు చేతులు వణికి, చెమటలు పట్టి గోడకు ఆనుకుంది. చక్కెర నీళ్ళు తాగించాక తేరుకుంది. తప్పు నాదే, ఏం మాత్రలు వేసుకుంటున్నావని నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు నా సంచిలో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉంటుంది. షుగరూ బీపీ ఉన్నవాళ్ళను డాక్టరును అడిగి రమ్మంటాను, గుండెలో పట్టేసినట్టుందంటే ఆ రోజు వ్యాయామం లేదు, నేరుగా ఆసుపత్రికే.

ఆ మానేసినామెకు ఫోన్ చెయ్యి. వ్యాయామం ఊసెత్తకుండా, కాళ్ళు ఎలా ఉన్నాయని అడుగు. రమ్మంటే, ఈసారి కాఫీ తాగడానికి వెళ్ళు.

ఆదివారం ఇటు వస్తే టేపు, రబ్బరు పట్టీలు రెండు తీసుకుపో. ఎర్రదాని అంచు కాస్త చిరిగింది, లాగే ముందు చూసుకో.

మీ పెద్దమ్మ