నా భార్య ఒప్పేసుకుంది, నేనే ఒప్పుకోలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 62, నా భార్యకు 58. ఏడాదిన్నర క్రితం ఆమెకు మోటార్ న్యూరాన్ వ్యాధి (ఏఎల్‌ఎస్) అని తేల్చారు. ఇప్పుడు కాళ్లూ చేతులూ దాదాపు కదలవు. మాట ముద్దగా వస్తోంది, మింగేటప్పుడు పొలమారుతోంది. రాత్రీ పగలూ చూసుకునేది నేనే. ఆమె మాత్రం ప్రశాంతంగా ఉంది. ‘రావాల్సింది వచ్చింది, మీరు బాధపడకండి’ అంటుంది. నాకేమో ప్రార్థనకు కూర్చుంటే కోపం ముంచుకొస్తోంది. ఈమె ఏం పాపం చేసిందని దేవుణ్ణి నిలదీస్తున్నాను. ‘దైవేచ్ఛ, ఒప్పుకోవాలి’ అని బంధువులంటారు. ఒప్పుకుంటే ఆమెను వదిలేసినట్టే కదా! ఒక్కోసారి అర్ధరాత్రి మళ్లీ మళ్లీ లేవాల్సి వచ్చినప్పుడు ‘ఇదంతా త్వరగా అయిపోతే బాగుండు’ అనిపిస్తుంది. మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మనశ్శాంతికి దారి చెప్పండి.
– ఒక పాఠకుడు

సమాధానం: మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. మిమ్మల్ని లోలోపల తినేస్తున్నది అదేనని అనిపిస్తోంది. ‘త్వరగా అయిపోతే బాగుండు’ అన్న ఆలోచన, ఏళ్ల తరబడి మంచం పక్కనే ఉండి చూసుకునే చాలామందికి వస్తుంది. డాక్టర్లమైన మా దగ్గరకొచ్చి చెప్పేవాళ్లు కూడా తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి చెబుతారు. ఆమె పడుతున్న బాధ ఆగాలని, మీకు ఒక్క రాత్రి తెరిపి దొరకాలని మనసు కోరుకుంటోంది. ప్రేమ లేనివాడికి ఆ తర్వాత అసహ్యం వేయదు. దీన్ని పాపంగా లెక్కలో రాసుకోకండి.

‘ఒప్పుకుంటే వదిలేసినట్టే’ అన్న మీ భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. అందులో కొంత నిజం ఉంది. మనిషి బతికుండగానే మొదలయ్యే దుఃఖం గురించి 1944లోనే ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు రాశాడు. యుద్ధానికి వెళ్లిన భర్త ఇక రాడేమోనని ముందే ఏడ్చి ఏడ్చి, మనసులో సాగనంపేసిన భార్యలకు, తీరా అతను ప్రాణాలతో తిరిగొచ్చాక దగ్గర కావడం కష్టమైందట. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నప్పుడూ ఇలాగే జరగొచ్చు. పైకి ‘అంతా దైవేచ్ఛ’ అంటూనే ఆ మనిషితో మాటలు తగ్గించేస్తాం, కళ్లలోకి చూడడం మానేస్తాం, పక్క మార్చడం, మందులు వేయడం వరకే మిగులుతాం. మీ బంధువులు చెప్పే అంగీకారం అలాంటిదైతే మీకది వద్దు.

మీ ఆవిడ జబ్బు విషయంలో నాకు తెలిసిన అంగీకారం వేరే. అది ధ్యానంలో కంటే ముందు నిర్ణయాల్లో కనిపిస్తుంది. ఏఎల్‌ఎస్‌లో కండరాలను నడిపించే నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. 1995లో వచ్చిన రిలుజోల్ వ్యాధి వేగాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. చాలామందిలో లక్షణాలు మొదలైన రెండు నుంచి అయిదేళ్లలోపే ఊపిరి కండరాలు బలహీనపడతాయి. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌లా ఈ జబ్బుతో అర్ధ శతాబ్దానికి పైగా బతికినవాళ్లు అరుదు. ఆయన పేరు చెప్పి మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. ఈ జబ్బులో కొన్ని పనులు ఒక అడుగు ముందే చేసుకోవాలి. మింగడం కష్టమవుతోందని రాశారు. పొట్టలోకి నేరుగా ఆహారం పంపే పెగ్ గొట్టం వేయించాలనుకుంటే, ఊపిరితిత్తుల సామర్థ్యం బాగా పడిపోకముందే వేయించడం క్షేమం. ‘ఇంకా అంత దూరం రాలేదులే’ అని వాయిదా వేస్తూ పోతే, తర్వాత మత్తు ఇవ్వడానికే డాక్టర్లు భయపడే పరిస్థితి వస్తుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, పడుకుంటే ఆయాసం ఉంటే రాత్రిపూట ఒంట్లో కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుంటోందేమో చూడాలి. అప్పుడు బైపాప్ యంత్రం మాస్కుతో ఊపిరికి సాయం చేస్తుంది. ఏఎల్‌ఎస్‌లో అది ఆయుష్షునూ పెంచుతుంది, నిద్రనూ బాగుచేస్తుంది.

ఇవన్నీ వేయించి తీరాలని నేననడం లేదు. ఏది కావాలి, ఏది వద్దు, గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టే దాకా వెళ్లాలా అన్నవి ఆమె తేల్చాల్సిన విషయాలు. ఆమె నోటి మాట ఇంకా అర్థమవుతున్న ఈ రోజుల్లోనే ఆమెను అడగాలి. ‘ముందు ముందు ఇలా జరుగుతుందట, అప్పుడు నన్నేం చేయమంటావు?’ అని ఆ ప్రశ్నను మీ నోటితో మీరు అడగగలిగిన రోజున, మీరు అంగీకారంలోకి అడుగుపెట్టినట్టే. ఆ రోజు మనసు తేలికపడకపోవచ్చు, ఇంకా ఏడుపే రావచ్చు.

ఇక ఆమె ప్రశాంతత. అది నిజమైనదే కావచ్చు. తీవ్రమైన జబ్బులో రోగి ముందుగా ఒక ఒడ్డుకు చేరి, చూసుకునేవాళ్లు నీళ్లలోనే ఉండిపోవడం మేం తరచూ చూస్తాం. కానీ ‘మీరు బాధపడకండి’ అన్న మాట వింటే, తన భయాన్ని మీకోసం దాచుకుంటోందా అన్న అనుమానం కూడా వస్తుంది. మీరు ఆమె ముందు ఏడవడం లేదు, ఆమె మీ ముందు భయపడడం లేదు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఒంటరివాళ్లవుతున్నారేమో. ‘నాకు భయంగా ఉంది, నీకు లేదా?’ అని ఒక్కసారి అడిగి చూడండి. మరో సంగతి. ఈ వ్యాధిలో దాదాపు సగం మందికి ఆలోచనలో, ప్రవర్తనలో కొద్దిపాటి మార్పులు వస్తాయి, దేని మీదా పట్టింపు లేకపోవడం అందులో ఒకటి. కారణం లేకుండా నవ్వో ఏడుపో ఆగకుండా రావడమూ ఉంటుంది. అలాంటివి గమనిస్తే న్యూరాలజిస్టుకు చెప్పండి.

దేవుడి మీద కోపానికి నేను మందు రాయలేను. పాపం మాటకు మాత్రం డాక్టరుగా జవాబుంది. ఏఎల్‌ఎస్ వచ్చిన ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి కుటుంబంలో అంతకు ముందు ఎవరికీ ఆ జబ్బు ఉండదు. అది ఎవరికి వస్తుందో వాళ్ల మంచిచెడ్డలను బట్టి తేలదు. మీరు నిలదీస్తున్నారంటే ఆ బంధం ఇంకా తెగలేదనే నేననుకుంటాను. కాకపోతే అందులో చిక్కుకుపోవడం మంచిది కాదు. కెనెత్ పార్గమెంట్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 600 మంది వయసు మళ్లిన రోగులను రెండేళ్లు గమనించారు. దేవుడు తమను వదిలేశాడని, తమను ప్రేమించడం లేదని మథనపడినవాళ్లలో మరణించే ముప్పు కాస్త ఎక్కువగా కనిపించింది. అది రోగుల మీద చేసిన అధ్యయనం, చూసుకునేవాళ్ల మీద కాదు. అయినా ఈ మథనాన్ని ఒంటరిగా మోయొద్దని చెప్పడానికి నాకది చాలు. మీ విశ్వాసానికి చెందిన పెద్దల్లో, ఉపదేశం ఇవ్వకుండా వినగలిగేవాళ్లెవరో మీకు తెలిసే ఉంటుంది. వాళ్ల దగ్గరకు వెళ్లి, మాకు రాసినట్టే ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రార్థనకు కూర్చుంటే కోపమే వస్తోందంటే కొన్నాళ్లు కూర్చోవద్దు. ఆమెకు ఒళ్లు తుడిచేటప్పుడు, పక్క మార్చేటప్పుడు తొందరపడకుండా ఆ పని మీదే మనసు పెట్టండి. ఏఎల్‌ఎస్‌లో చాలావరకు స్పర్శ తెలుస్తూనే ఉంటుంది. మీ చేయి తగిలిందని ఆమెకు తెలుస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది నిద్ర. రాత్రికి అన్నిసార్లు లేచే మనిషికి ఏ వేదాంతమూ ఎక్కదు. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో ప్రచురించిన అధ్యయనం చూడండి. జబ్బుపడిన జీవిత భాగస్వామిని చూసుకుంటూ ఆ భారానికి నలిగిపోతున్న వృద్ధుల్లో, అలాంటి బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే నాలుగేళ్లలో మరణించే ముప్పు 63 శాతం ఎక్కువగా ఉంది. చూసుకుంటున్నా నలిగిపోనివాళ్లలో అలాంటి పెరుగుదల కనబడలేదు. అంటే సేవ చేయడం వల్ల కాదు, దాని కింద నలిగిపోవడం వల్లే ప్రమాదం. వారంలో కనీసం రెండు రాత్రులు ఇంకెవరైనా ఆమె దగ్గర పడుకోవాలి. పిల్లలో, తోబుట్టువులో, జీతానికి వచ్చే నర్సో. ‘దైవేచ్ఛ’ అన్న బంధువులను కూడా ఒక రాత్రి ఉండమని అడగండి.

రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా, తిండి సయించకపోయినా, దొరికిన సమయంలోనూ నిద్ర పట్టకపోయినా అది డిప్రెషన్ కావచ్చు, చికిత్స ఉంది. ఆమెతో పాటు తానూ పోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే ఎవరికైనా చెప్పి, సైకియాట్రిస్టును కలవండి.

వచ్చేసారి ఆమెను న్యూరాలజిస్టుకు చూపించినప్పుడు పాలియేటివ్ కేర్ (జబ్బు తెచ్చే బాధలను తగ్గించే వైద్యం) బృందానికి రాసివ్వమని అడగండి. ఆ పేరు వినగానే ‘ఇక ఆశ లేదన్నమాట’ అని చాలామంది బెదిరిపోతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవాళ్ల మీద చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఈ సేవలు అందుకున్నవాళ్లు మెరుగ్గా బతికారు, సుమారు మూడు నెలలు ఎక్కువ కూడా బతికారు. జబ్బు వేరైనా పద్ధతి అదే. ఆయాసానికి, నోట్లో చొంగ పేరుకోవడానికి, కండరాల బిగుతుకు వాళ్ల దగ్గర మందులున్నాయి. మింగడం, ఊపిరి పరీక్షలు ఎప్పుడు చేయించాలో, పెగ్ గొట్టం గురించి ఎప్పటిలోగా తేల్చుకోవాలో కూడా ఆ రోజే అడిగి రాసుకోండి. మీ నిద్ర సంగతీ వాళ్లకు చెప్పండి, ఆ బృందం మిమ్మల్ని కూడా చూస్తుంది.